క్లారీ పాదాలు, ఊరి టమాటాలు

క్రిబ్ మార్ష్‌లో టమాటా నారు ఎప్పుడు నాటాలో నిర్ణయించేవి క్లారీ స్టబింగ్స్ పాదాలు. ఈ అధికారాన్ని వాటికి ఎవరూ ఓటేసి కట్టబెట్టలేదు, అలాగని ఎవరూ ఎన్నడూ ప్రశ్నించనూ లేదు. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి నడిబొడ్డున, మబ్బుకి కాస్త దిగువన, గొర్రెల మధ్య ఉన్న ఆ ఊరికి వేసవి డిసెంబరులో చుట్టపుచూపుగా వస్తుంది. వచ్చిన రోజు నుంచే మూటాముల్లే సర్దుకుంటూ ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే టమాటా మొక్క వేళ్లూనాలి, పూయాలి, కాయాలి, కాయ ఎర్రబడాలి. తొందరపడి నాటితే మంచు తినేస్తుంది. ఆలస్యమైతే ఊరి అలమరాలన్నీ పచ్చి టమాటా పచ్చడి సీసాలతో నిండిపోతాయి. ఆ పచ్చడి అంటే ఇష్టమని క్రిబ్ మార్ష్‌లో ఇంతవరకు ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేదు.

కింద హోబర్ట్ పట్నంలో అక్టోబరు చివర, పశువుల ప్రదర్శన సెలవునాడు, అందరూ నారు నాటేస్తారు. నాటేసి ఊరుకోకుండా పైనున్న చుట్టాలకి ఫోన్ చేసి మరీ చెబుతారు. పైవాళ్లు "సంతోషం" అని ఫోన్ పెట్టేసి, క్లారీ ఇంటివైపు చూస్తారు.

క్లారీ పద్ధతి అతని తండ్రి నుంచి వచ్చింది. పొద్దున్నే బూట్లూ మేజోళ్లూ విప్పి, ప్యాంటు మడిచి, మట్టిలో ఒట్టి కాళ్లతో నిలబడి ఒక మగ్గు టీ తాగాలి. టీ అయిపోయేలోగా కాలు ఎత్తి కాలు మార్చావా, ముహూర్తం ఇంకా రాలేదు. అడుగంటా తాగినా కాళ్ల మాట గుర్తుకు రాలేదా, నేల సిద్ధం. ఆ వెంటనే క్లారీ గుంటలు తీస్తాడు, నాటుతాడు, మొక్క చుట్టూ మూడు కర్రలు పాతి గోనెపట్టా చుడతాడు. ఎదురింటి రెక్స్ ప్రాక్టర్ కిటికీలోంచి అది చూసి కొట్టు గ్లెనిస్‌కి ఫోన్ చేస్తాడు. గ్లెనిస్‌కి తెలిసిందంటే ఇక ఊరికి వేరే చాటింపు అక్కర్లేదు. సాయంత్రానికి, ఆగస్టు నుంచీ కిటికీ గట్ల మీద పసిపిల్లల్లా పెరిగిన నారంతా నేలలోకి దిగిపోతుంది.

మిగతా ఏడాదంతా క్లారీ మామూలు మనిషే. పద్నాలుగో ఏట బడి మానేసి కంచెలు కట్టడం మొదలుపెట్టాడు. డెబ్బై దాటి వీపు వంగనని మొరాయించేదాకా కడుతూనే ఉన్నాడు. ఆ చుట్టుపక్కల గొర్రె ఒక చోట ఆగి వెనక్కి తిరిగిందంటే, అక్కడ క్లారీ కట్టిన కంచె ఉందన్నమాట. కంచెకి ఇవతల పచ్చిక, అవతల అడవి. ఎర్రగా పూసే వరాటాలు, ఘాటు కాయల కొండమిరియాలు, పేరు తెలిసినవీ తెలియనివీ వేల ఎకరాల పొదలు. వాటన్నిటికీ కలిపి క్లారీ నిఘంటువులో ఒకటే మాట, తుప్పలు.

ఈ మాట దగ్గరే అతని సంసారంలో ఉన్న ఒకే ఒక్క తగాదా మొదలవుతుంది. భార్య డల్సీకి తుప్పలంటే ప్రాణం. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లకి వంట చేయడానికి వచ్చి, క్లారీని చేసుకుని, ఇక్కడే ఉండిపోయిన మనిషి. పెళ్లైన కొత్తలోనే అడిగింది, గేటు పక్కన ఒక వరాటా పెడదామని.

"కంచె అవతల ఉన్నది ఇవతలికి రాకూడదనే కదా నేను బతుకంతా కంచెలు కడుతున్నాను," అన్నాడు క్లారీ. "నా ఇంట్లో నేనే తీసుకొచ్చి పెడితే గొర్రెలు నవ్వుతాయి."

ఆ తర్వాత డల్సీ ఏటా ఒకసారి అడిగేది, ఏటా అదే జవాబు. జవాబు మారకపోయినా, ప్రతి డిసెంబరులో ఇద్దరూ కలిసి ఇంటి వెనక కొండెక్కేవారు. పైన వరాటాలు విరగబూసి కొండకి నిప్పంటుకున్నట్టుండే చోట డల్సీ బండ మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన మటన్ శాండ్‌విచ్ తింటూ పువ్వుల్ని చూసేది. క్లారీ పువ్వులకి వీపు పెట్టి కూర్చుని, కింద తను కట్టిన కంచెని చూసేవాడు. ఇద్దరికీ అది చక్కని రోజు.

ఈ ఏడు డల్సీ మోకాలు పూర్తిగా పాడై, హోబర్ట్‌లో ఆపరేషన్ చేసి కొత్తది పెట్టారు. చదును నేల మీద ఎంతైనా నడవొచ్చు గానీ కొండలూ గుట్టలూ ఇక మరిచిపోవాలన్నాడు డాక్టరు. డల్సీ "సరే" అంది. ఆ సరే అన్న తీరు క్లారీకి నచ్చలేదు. అతనికి తెలిసిన డల్సీ దేనికీ అంత తేలిగ్గా సరే అనదు. ఒంటరిగా ఇంటికి బయల్దేరి, దారి పొడుగునా ఆ మాటే నములుతూ, సగం దారిలో ఒక నర్సరీ బోర్డు దగ్గర బండి ఆపాడు. సరిగ్గా బోర్డు దగ్గర కాదు, కాస్త ముందుకెళ్లి, తెలిసినవాళ్ల కంటపడని చెట్ల చాటున. టోపీ కళ్ల మీదకి లాక్కుని, చెప్పుకోలేని జబ్బుకి మందు కొనబోయే మనిషిలా లోపలికి వెళ్లాడు.

నర్సరీ ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏం కావాలి?"

"మా ఆవిడకి."

"ఆవిడకి ఏం కావాలి?"

"తుప్ప."

ఆవిడ ముఖం మారలేదు. "ఏ తుప్ప?"

"ఎర్రగా పూసేది. కొండ మీద ఉంటుంది."

"వరాటా. ఇదిగో ఈ చిన్నవి చూడండి. పువ్వు కనిపించడానికి ఐదారేళ్లు పడుతుంది."

"అమ్మా, నన్ను ఒకసారి సరిగ్గా చూడు."

ఆవిడ సరిగ్గా చూసింది. లోపలికెళ్లి నడుమెత్తు మొక్క ఒకటి కుండీతో సహా మోసుకొచ్చింది. కొమ్మ కొసన ఒక్క మొగ్గ ఉంది, గట్టిగా మూసిన పిడికిలంత. దానితోపాటు కొండమిరియం మొక్కలు రెండు అంటగట్టింది. ఒకటి చాలన్నాడు క్లారీ. ఒకటి మగది, ఒకటి ఆడది, పక్కపక్కన లేకపోతే కాయ కాయదంది ఆవిడ. కాపురాలు చెడగొట్టే మనిషి కాడు కాబట్టి రెండూ తీసుకున్నాడు.

"ఎరువు వేయకండి," అంది ఆవిడ బండి దాకా వచ్చి. "గొర్రెల పెంట అసలే వద్దు, చచ్చిపోతుంది. ముద్దు చేయకండి. చలికి ముసుగులు కప్పకండి. వాటి మానాన వాటిని వదిలేయండి."

పట్టించుకోకపోవడమే పోషణ అయిన మొక్క లోకంలో ఉంటుందని క్లారీకి అప్పటిదాకా తెలియదు. ఈ లెక్కన తను నలభై ఏళ్లుగా కొండ మీది తుప్పలన్నిటికీ సేవ చేస్తున్నట్టే.

ఊరి బయట వాగు దాటుతుంటే బండి బురదలో దిగబడింది. తోసి, రాళ్లు వేసి, తిట్టి, బయటికి లాగేసరికి బూట్లలో సగం వాగు ఉంది. ఇంటికొచ్చి బూట్లూ మేజోళ్లూ విప్పి అవతల పారేసి, టీ పెట్టుకుని, మగ్గుతో గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వరాటాని గేటుకి ఏ పక్కన పెట్టాలి? వంటింటి కిటికీలోంచి కనబడాలా, వరండా కుర్చీలోంచి కనబడాలా? పెళ్లాం కోసం పువ్వు నాటడం అతనికి ఇదే మొదటిసారి, తప్పు జరగకూడదు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ టీ అడుగంటా తాగేశాడు. కాళ్ల సంగతి గుర్తే లేదు.

ఎదురింటి కిటికీలో తెర కదిలింది. క్లారీ గమనించలేదు.

చరిత్రకారుల కోసం ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. క్లారీ టమాటా మడి ఇంటికి ఉత్తరపు పక్కన, వీధికి కనబడేలా, ఆ దేశంలో రోజంతా ఎండ కాసే గోడ వారన ఉంది. గేటు వీధి వెంటే దక్షిణపు మూలన, ఇంటి నీడలో ఉంది. అక్కడ టమాటా నాటేవాడికి మతి ఉండి ఉండదు. కానీ రెక్స్ చూసింది స్థలాన్ని కాదు, పాదాల్ని. పాదాలు బోడిగా ఉన్నాయి, చేతిలో మగ్గు ఉంది, ఆ తర్వాత గుంటలు తవ్వడం జరిగింది, మూడు చోట్ల కర్రలు పాతి గోనెపట్టాలు చుట్టడం జరిగింది. పట్టాలు చుట్టింది చిన్న కంగారూల్లాంటి వాలబీలు కొరక్కుండా, అంతకన్నా ముఖ్యంగా డల్సీ వచ్చేదాకా ఎవరి కళ్లూ పడకుండా. రెక్స్‌కి అవేవీ అక్కర్లేదు. ఫోన్ అందుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే క్లారీ మళ్లీ హోబర్ట్ వెళ్లాడు. డల్సీ చెల్లెలింట్లో మకాం పెట్టి, రోజూ ఆసుపత్రికి వెళ్లి, డల్సీ మంచం పక్కన కూర్చుని, చెప్పకూడనిది చెప్పకుండా ఉండటానికి పడరాని పాట్లు పడ్డాడు. డల్సీ ఒకసారి అతని చేయి పట్టుకుని గోళ్లకేసి చూసింది. చివరికి రేపు ఇంటికి పంపిస్తామన్నారు, ఊరి నర్సు బ్రిడీ కారులో తీసుకొస్తానంది. ఇల్లు వెచ్చచేసి ఉంచుదామని క్లారీ ఒక పూట ముందే బయల్దేరాడు.

వంతెన దాటి ఊళ్లోకి రాగానే అతని కాలు బ్రేకు మీద పడింది.

మొదటింటి పెరట్లో టమాటా మొక్కలు బారులు తీరి ఉన్నాయి. రెండో ఇంట్లోనూ అంతే. చర్చి గోడ వారనా ఉన్నాయి. లేతవి, పచ్చనివి, ఇన్స్‌పెక్టరు కోసం నిలబెట్టిన బడిపిల్లల్లా తలలెత్తుకుని ఉన్నాయి. రెక్స్ ఇంటి ముందు మూడు వరసలు. రెక్స్ ఎప్పుడూ రెండు వరసలే వేస్తాడు. ఈసారి నమ్మకం ఎక్కువైనట్టుంది.

క్లారీ బండిని కొట్టు ముందు ఆపి లోపలికి వెళ్లాడు. కొట్టులోనే ఉన్న పోస్టాఫీసు బల్ల దగ్గర గ్లెనిస్ ఉత్తరాలు సర్దుతోంది.

"ఏం క్లారీ, డల్సీ ఎలా ఉంది?"

"బానే ఉంది. ఊళ్లో నారు ఎవరు నాటమన్నారు?"

"నువ్వే."

"నేను ఊళ్లోనే లేను."

"వెళ్లేముందు నాటావుగా. రెక్స్ చూశాడు."

"ఏం చూశాడు?"

"కాళ్లు," అంది గ్లెనిస్, అంతకుమించి సాక్ష్యం ఎందుకన్నట్టు.

క్లారీ బల్ల అంచు పట్టుకున్నాడు. బల్ల మీది రేడియోలో వాతావరణం చెబుతున్నారు. నైరుతి గాలి సాయంత్రానికి తగ్గుతుంది, ఆకాశం తేటబడుతుంది, ఎత్తు ప్రాంతాల్లో రాత్రి గట్టి మంచు.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను. పొద్దుటి నుంచీ అదే పాట," అంది గ్లెనిస్. "వాళ్లకేం తెలుసు, నువ్వు నాటాక మంచు పడటం ఎప్పుడైనా జరిగిందా? నేను కూడా ఈసారి పదహారు మొక్కలు పెట్టాను. క్రిస్మస్‌కి మా అక్కని పిలిచాను, పండు చూపిస్తానని చెప్పి మరీ."

దేవుడు కూడా తన భక్తుల్ని చూసి అప్పుడప్పుడు ఇలాగే భయపడతాడేమో. క్లారీ బయటికొచ్చి బండిలో కూర్చుని స్టీరింగు మీద గడ్డం ఆన్చాడు. నోరు మూసుకుంటే తెల్లారేసరికి ఊరి టమాటాలన్నీ ఉడకబెట్టిన తోటకూరలా వేలాడతాయి. మళ్లీ విత్తనం వేసి నారు పెంచేంత వేసవి ఈ ఊరికి లేదు, ఆ ఏటికి అంతే. నోరు విప్పితే గోనెపట్టాల్లో ఉన్నవేమిటో చెప్పాలి. తుప్పల్ని నలభై ఏళ్లు వెక్కిరించిన మనిషి తుప్పలు నాటాడని తెలియాలి. సరే, అదైనా మింగవచ్చు. కానీ క్రిబ్ మార్ష్‌లో పుట్టిన రహస్యం పాలు తాగడం నేర్చేలోగానే చచ్చిపోతుంది. చీకటి పడకముందే ఎవరో ఒకరు ఆసుపత్రికి ఫోన్ చేసి, "డల్సీ, నీకో విషయం తెలుసా," అంటారు. ఈ ముసలితనంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, డల్సీ ముఖం తను అనుకున్నట్టు మారడం చూడాలని అతని ఆశ. అది కాస్తా గ్లెనిస్ టెలిఫోన్‌లో కలిసిపోతుంది.

అవతల రెక్స్ తన మూడో వరసకి నీళ్లు పోస్తూ ఈల వేస్తున్నాడు.

క్లారీ బండి దిగి, అగ్నిమాపక షెడ్డు దగ్గరికి వెళ్లి సైరన్ మోగించాడు.

అడవి అంటుకుంటే తప్ప ఆ సైరన్ ముట్టుకోకూడదు. పూర్వం దళానికి నాయకుడిగా ఉన్న రోజుల్లో ఆ నియమం పెట్టింది క్లారీయే. జనం పరుగెత్తుకొచ్చారు. ఒకడు ఒక కాలికే బూటు వేసుకుని వచ్చాడు. గ్లెనిస్ చేతిలో ఉత్తరాలు అలాగే ఉన్నాయి. రెక్స్ నీళ్ల గొట్టం కట్టేయకుండానే వచ్చాడు.

"మంట ఎక్కడ?" అన్నాడు రెక్స్.

"మంట లేదు." క్లారీ నీళ్ల బండి మెట్టెక్కి టోపీ తీశాడు. చావు కబురుకి తప్ప అతను టోపీ తీయగా ఎవరూ చూడలేదు, అందరూ గప్‌చుప్ అయ్యారు. "రాత్రికి మంచు పడుతుంది. మీ మొక్కలన్నీ కప్పుకోండి."

"మంచేంటి? నువ్వు నాటావు కదా," అన్నారెవరో.

"నేను నాటలేదు."

"నేను కళ్లారా చూశాను," అన్నాడు రెక్స్. "టీ మొత్తం తాగావు."

"బూట్లు తడిశాయి రెక్స్. బూట్లు తడిసినవాడు టీ తాగకూడదా?"

"మరి ఆ గోనెపట్టాల్లో ఏమున్నాయి?"

క్లారీ టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. "తుప్పలు."

"ఏ తుప్పలు?"

"కంచె అవతలివి."

రెక్స్ కట్టేయని నీళ్ల గొట్టం చప్పుడు వీధి చివర నుంచి వినిపించింది. రెక్స్ ముఖంలో ఒక వెలుగు నెమ్మదిగా పరుచుకుంది. పొద్దుపొడుపు అంత అందంగా ఉంది, అంత ఆపలేనిదిగానూ ఉంది.

"నిరుడు నేను బ్యాంక్సియా అని ఒక అడవి మొక్క పెడితే," అన్నాడు రెక్స్, ఊరంతటికీ వినబడేలా, "ఏమన్నావు క్లారీ? దాన్ని పశువుల డాక్టరుకి చూపించమన్నావు."

"అన్నాను."

"మా అమ్మ పేరున పెట్టాను దాన్ని."

"తెలియదు రెక్స్. తెలిసినా అనేవాణ్నే అనుకో."

నవ్వు అటు చివర మొదలై ఇటు చివరికి వచ్చింది. క్లారీ అయిపోయేదాకా ఆగాడు. "నవ్వుకోండి. అవి డల్సీకి. కొండెక్కలేదు ఇక. రేపు వస్తోంది. అప్పటిదాకా ఎవరూ ఆమెతో అనకపోతే చాలు, నేను అడిగేది అదొక్కటే."

నవ్వు ఆగింది. అందరి చూపులూ ఒక్కసారిగా గ్లెనిస్ మీదికి తిరిగాయి. గ్లెనిస్ తల ఎత్తుకుని నిలబడింది, చరిత్ర తన వైపు చూస్తోందని తెలిసిన మనిషిలా.

"ఫోన్ రిసీవరు తీసి పక్కన పెడతాను," అంది. "రేపు ఆమె గేటు దాటేదాకా. చచ్చిపోయేవాళ్లు ఎవరైనా ఉంటే ఈలోగా చావొద్దు."

ఇక అప్పుడు మొదలైంది హడావిడి. బొచ్చు కత్తిరించే షెడ్డు నుంచి ఉన్ని కుక్కే పెద్ద పెద్ద సంచులు వచ్చాయి. పెట్టెల్లోంచి దుప్పట్లు, కిటికీల నుంచి తెరలు దిగాయి. క్రికెట్ క్లబ్బు పిచ్ మీది టార్పాలిన్ చర్చి టమాటాల మీదికి వెళ్లింది, దానికి అంతకన్నా న్యాయమైన వినియోగం లోకంలో లేదు. ఒక పెళ్లి టేబుల్‌క్లాతు, ఎవరిదో పొడుగు లోచొక్కా, బడి నాటకాల నల్లతెర, ఏదీ మిగల్లేదు. రెక్స్ తన పొడుగు లాగులు కర్రల మీద ఆరేసి మూడో వరసని కాపాడుకున్నాడు. పొద్దు వాలేసరికి క్రిబ్ మార్ష్ పెరళ్లన్నీ ముసుగు తన్ని పడుకున్నాయి.

అందరిదీ అయిందనుకుంటే గ్లెనిస్ పరుగున వచ్చింది. నాలుగు మొక్కలకి ఏమీ మిగల్లేదట, ప్లాస్టిక్ కాగితం ఉంది, కప్పేయనా?

"ఆకుకి తగిలితే అక్కడికక్కడే మాడిపోతుంది," అన్నాడు క్లారీ. తన ఇంట్లో ఏముందని చూశాడు. పరుపు మీది దుప్పటి ఇచ్చేశాడు, వంటింటి తువ్వాళ్లు కూడా ఇచ్చేశాడు. మిగిలినవి గేటు దగ్గరి గోనెపట్టాలు మూడు. ముసుగులు కప్పకండి అన్న నర్సరీ ఆవిడ మాట గుర్తొచ్చింది. నమ్మకం కుదరలేదు. అయినా మేకులు పీకి పట్టాలు విప్పి గ్లెనిస్ చేతిలో పెట్టాడు.

"మరి వీటికి?" అంది గ్లెనిస్.

"వీటి తాతముత్తాతలు ఇక్కడే పుట్టారు. మనమే బయటి నుంచి వచ్చినవాళ్లం."

ఆమె వెళ్లాక వాటి చుట్టూ కోళ్లదొడ్డి వల కట్టాడు వాలబీలు రాకుండా. మొగ్గ వైపు కాసేపు చూశాడు. దానికేదైనా చెబుదామనుకున్నాడు గానీ, మొదటి పరిచయంలోనే మాటలు కలపడం అతనికి అలవాటు లేదు. లోపలికెళ్లి కోటు కప్పుకుని పడుకున్నాడు.

పొద్దున లేచేసరికి లోకం తెల్లగా ఉంది. కుక్క నీళ్ల గిన్నె గడ్డకట్టి రాయైపోయింది. గడ్డి మీద అడుగేస్తే అప్పడంలా విరుగుతోంది. క్లారీ బూట్ల తాళ్లు కట్టుకోకుండానే గేటు దగ్గరికి నడిచాడు.

మూడూ నిలబడి ఉన్నాయి. ప్రతి ఆకు అంచునా తెల్లని జరీ పెట్టినట్టుంది. మొగ్గ మీద మంచు పలచగా మెరుస్తోంది, దాని కొసన సన్నగా ఎరుపు కనబడుతోంది. చలికి ముడుచుకోవడం మాట అలా ఉంచి, రాత్రి ఎవరో చుట్టాలు తమ ఇంటికి వచ్చినట్టు హుషారుగా ఉన్నాయి. ఎండ తగిలి ఒక్కొక్క చుక్కే జారుతుంటే క్లారీ చూస్తూ నిలబడ్డాడు. పువ్వుకి ముఖం పెట్టి నిలబడటం అతనికి ఇదే మొదటిసారని ఆ క్షణాన తట్టలేదు.

బ్రిడీ కారు వచ్చేసరికి ఊరు ఇంకా ముసుగులు తీయలేదు. కారు నెమ్మదిగా వీధి వెంట వచ్చి గేటు ముందు ఆగింది. డల్సీ అద్దం దించి వెనక్కి తిరిగి వీధంతా ఒకసారి చూసింది.

"నేను లేని వారంలో ఊరంతా ఉతుక్కున్నారా?"

"మంచు పడింది," అన్నాడు క్లారీ.

"రెక్స్ లాగులకి కూడానా?"

ఎదురుగా రెక్స్ లేని కలుపు పీకుతున్నాడు. గ్లెనిస్ కొట్టు వదిలి వచ్చి, ఎవరిదో ఉత్తరం ఎవరికో ఇస్తోంది. వీధిలో ఆ పొద్దున ఇంతమందికి ఇన్ని పనులు ఎందుకు పడ్డాయో తెలియక బ్రిడీ దిక్కులు చూసింది. "నెమ్మదిగా పట్టుకోండి తాతగారూ," అంది, "ఆవిడ మాట వినరు, చేతికర్ర వదిలేసి నడుస్తానంటారు."

డల్సీ చేతికర్ర ఊనుకుని దిగింది. గేటు వైపు రెండడుగులు వేసి ఆగింది.

క్లారీ ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ముందు ఏమీ కాలేదు. తర్వాత కింది పెదవి కొంచెం లోపలికి పోయింది. కనుబొమలు పైకి లేచి, దిగడం మరిచిపోయినట్టు అక్కడే ఉండిపోయాయి. ఆ ముఖంలో నలభై ఏళ్లలో ఎప్పుడూ చూడనిదేదో కనబడింది. ఇదేనా తను అనుకున్నది అంటే, కాదు. తను అనుకున్నది దీనికన్నా చాలా చిన్నది.

"కంచె ఇవతల," అంది డల్సీ చివరికి.

"ఊఁ."

"గొర్రెలు నవ్వవూ?"

"రెక్స్ నవ్వేశాడు. ఇక గొర్రెలెంత."

"పెంట వేశావా?"

"లేదు."

"బుద్ధిమంతుడివి." ఆమె వంగలేక, చేతికర్ర చివరతో వరాటా మొదట్లో పసుపుపచ్చని బంకమట్టిని తాకింది. "ఆసుపత్రిలో నీ గోళ్లల్లో ఈ మట్టే చూశాను. నీ టమాటా మట్టి నల్లగా ఉంటుంది. గేటు దగ్గర తవ్వుతున్నాడు, పాపం ఎన్నాళ్లకో గడియ బాగు చేస్తున్నాడు అనుకున్నాను."

క్లారీ గేటు గడియ వైపు చూశాడు. చుట్టుపక్కల ప్రతి పొలానికీ ఇనప గేట్లు పెట్టిన మనిషి, తన ఇంటి గేటుని పెళ్లైనప్పటి నుంచీ తీగముక్కతో కట్టి నడుపుతున్నాడు.

"అది వచ్చే ఏడు," అన్నాడు.

డల్సీ నవ్వింది. అప్పుడు వీధిలో పనులు చేస్తున్నట్టు నటించేవాళ్లంతా పనులు మానేసి నవ్వారు. గ్లెనిస్ మాత్రం నవ్వలేదు, కొట్టుకి పరుగెత్తింది. నిన్నటి నుంచి పక్కన పెట్టిన రిసీవరు తీసి, ఒక రాత్రంతా కడుపులో దాచుకున్నది తెలిసిన ప్రతి నంబరుకీ చెప్పుకుని తేరుకుంది.

టమాటాలు బతికాయి. రెక్స్ మూడో వరసలో ఒక్కటి పోయింది, లాగు పొట్టిదై. తొందరపడి నాటిన నారు తొందరగానే పూసింది, కాసింది. గ్లెనిస్ అక్క క్రిస్మస్ భోజనానికి వచ్చినప్పుడు బల్ల మధ్యన పళ్లెంలో ఒక పండు ఉంది. ఒకే ఒక్కటి, కోడిగుడ్డంత, ఒక పక్క మాత్రమే ఎరుపు. ఎవరూ కోయడానికి సాహసించలేదు. క్రిస్మస్‌కి పండిన టమాటా ఆ ఊళ్లో ఎవరి తాతలూ చూసి ఎరగరు. ఇదంతా క్లారీ ముందే ఆలోచించి చేసిన పనేనని, మంచు సంగతి కూడా లెక్క వేసుకునే ఉంటాడని, అంతటి మనిషికి పెద్దరికం ఊరికే రాలేదని రెక్స్ అందరికీ చెప్పాడు. క్లారీ ఖండించలేదు. ఖండించడానికి నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో బీరు గ్లాసు చేతికిచ్చారు.

కానీ పెద్దరికం ఎక్కువ రోజులు నిలవలేదు. వరాటా మొగ్గ మంచు పడిన పక్షం రోజులకి విచ్చుకుంది. అప్పటి నుంచి ఆ ఏడు ఒక్క మంచు కూడా పడలేదు. దీన్ని మొదట గమనించింది డల్సీ, వరండా కుర్చీలో మోకాలు చాపుకుని. గమనించి గ్లెనిస్‌తో అంది. అంతే.

మరుసటి ఏడు నవంబరులో క్లారీ ఎప్పట్లాగే బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, తన నల్లమట్టి మడిలో మగ్గుతో నిలబడ్డాడు. ఎదురింటి కిటికీలో తెర కదల్లేదు. క్లారీ టీ సగం తాగి మెడ చాచి చూశాడు. రెక్స్ గేటు దగ్గర ఉన్నాడు. పక్కన గ్లెనిస్, ఆ వెనక ఇంకో నలుగురు. చేతులు వెనక్కి కట్టుకుని వరాటా మొగ్గల వైపు చూస్తూ గుసగుసలాడుతున్నారు.

"ఇవాళ కాదు," అంది గ్లెనిస్. "రెండు రోజులు ఆగాలి."

"నాకు మూడనిపిస్తోంది," అన్నాడు రెక్స్.

"రెక్స్," అన్నాడు క్లారీ మడిలోంచి, "నేను ఇక్కడ నిలబడ్డాను."

"చూశాను క్లారీ. జలుబు చేస్తుంది, బూట్లేసుకో."

వరండాలోంచి డల్సీ అంది, "పనేం లేకపోతే ఆ గడియ సంగతి చూడకూడదా ముసలాయనా, జనం ఊరికే వచ్చి పోతున్నారు."

క్లారీ మిగిలిన టీ తాగాడు. అడుగంటా తాగాడు. కాళ్లు మంచుముక్కల్లా జిల్లుమంటున్నాయి, తుప్ప చెప్పింది నిజమే. అతను బూట్లు వేసుకుని, షెడ్డులోకి వెళ్లి, స్క్రూడ్రైవరు వెతకడం మొదలుపెట్టాడు.